క్షమించవలసింది ఎవరు?

1420 మే 18న ఆంత్వాన్ ద లా సాల్ అనే ఫ్రెంచి రచయిత మధ్య ఇటలీలో ఒక కొండ ఎక్కి, శిఖరానికి దగ్గర్లో ఉన్న గుహలో మొదటి గది వరకు వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఆ గది గోడల మీద తనకంటే ముందు వచ్చినవాళ్ళు చెక్కుకున్న పేర్లు చూశానని రాశాడు. వాటిలో ఒకటి ఒక జర్మన్‌ది. పేరు పక్కన లాటిన్‌లో ఒకే ఒక్క క్రియాపదం: 'ప్రవేశించాడు'. అంతే. ఎందుకు వచ్చాడో లేదు. ఏం చూశాడో లేదు. తిరిగి బయటపడ్డాడో లేదో తెలియదు. లోపలికి వెళ్ళడమే ఘనకార్యమైనట్టు ఆ ఒక్క మాటా రాతి మీద వదిలిపోయాడు.

ఆ కొండ పేరు మోంతె సిబిల్లా. మార్కే ప్రాంతంలో, ఉంబ్రియా సరిహద్దుకు దగ్గరగా, అపెన్నీన్ శ్రేణిలో 2173 మీటర్ల ఎత్తున ఉంటుంది. చుట్టూ ఉన్న పర్వతాలన్నిటినీ కలిపి ఆమె పేరుతోనే సిబిల్లినీ అంటారు. సిబిల్ అంటే ప్రాచీన గ్రీకు, రోమన్ లోకాల్లో భవిష్యత్తు చెప్పే స్త్రీ. మన సోదెమ్మ లాంటిదే అనుకోవచ్చు, కాకపోతే రాజులూ సేనానులూ వచ్చి చేతులు కట్టుకు నిలబడే సోదెమ్మ. క్రైస్తవం వచ్చాక ఈ సిబిల్‌లలో కొందరికి మర్యాద దక్కింది. క్రీస్తు రాకను ముందుగా చెప్పారన్న పేరుతో చర్చి గోడల మీదికి ఎక్కారు. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజెలో అయిదుగురు సిబిల్‌లను చిత్రించాడు. ఈ అపెన్నీన్ సిబిల్‌కి మాత్రం ఆ మర్యాద దక్కలేదు. ఆమె కొండ కడుపులోకి దిగిపోయి, మగవాళ్ళని పాపంలోకి లాగే రాణిగా మిగిలింది.

ఆమె గురించి మనకు తెలిసినదంతా రెండు పుస్తకాల చుట్టూ తిరుగుతుంది. మొదటిది 1410 ప్రాంతంలో ఆంద్రెయా ద బార్బెరీనో రాసిన 'గ్వెరీన్ మెస్కీనో'. పసితనంలోనే సముద్రపు దొంగల చేతిలో పడి, అమ్ముడుపోయిన ఒక వీరుడు తన తల్లిదండ్రులెవరో తెలుసుకోవడానికి లోకమంతా తిరిగి తిరిగి చివరికి సిబిల్ గుహకు వస్తాడు. ఆమె చెప్పదు. అతను లొంగడు. ఏడాది నిండబోతుండగా బయటపడి, రోముకు పోయి పోపు దగ్గర పాపవిముక్తి పొందుతాడు. రెండోది మన లా సాల్ రాసిన 'సిబిల్ రాణి స్వర్గం'. అందులో ఒక జర్మన్ వీరుడి కథ ఉంది. తన పరిచారకుడితో కలిసి లోపలికి వెళ్ళి అక్కడ 330 రోజులు ఉంటాడు. అన్ని రోజులు ఉన్నవాడికి లోకంలోని భాషలన్నీ వచ్చేస్తాయట. (సాహిత్యంలో డాక్టరేట్ కోసం ఎన్నేళ్ళు పట్టిందో గుర్తొచ్చి నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజం.) అయితే వారానికోసారి ఆ స్త్రీలంతా పాములుగా మారిపోతుంటారు. అది చూసి అతనికి అనుమానం, భయం, పశ్చాత్తాపం వరసగా కలుగుతాయి. బయటికి వచ్చి పోపు దగ్గర మోకరిల్లుతాడు. పోపు, మిగతావాళ్ళకు బుద్ధి రావాలని, క్షమాపణను వాయిదా వేస్తాడు. ఈలోగా ఓపిక నశించి వీరుడు మళ్ళీ గుహలోకి వెళ్ళిపోతాడు. పోపు పంపిన మనుషులు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. జర్మన్ల టాన్‌హాయిజర్ గాథ కూడా దాదాపు ఇదే. వాగ్నర్ 1845లో దాన్ని సంగీత నాటకం చేశాడు.

ఈ కథలు మొదటిసారి చదివినప్పుడు, చదివినవాళ్ళందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను: అతనికి క్షమాపణ దొరుకుతుందా? కథకులు మనచేత అడిగించాలనుకున్న ప్రశ్న అదే. ఉత్కంఠ అంతా అక్కడే ఉంది. కానీ 2023 జూన్‌లో ఆ కొండ ఎక్కి దిగాక ఇంకో ప్రశ్న నన్ను పట్టుకుంది. అసలు అతను క్షమాపణ అడగవలసింది ఎవరిని?

ఒక్కసారి కథను మతం భాష నుంచి మామూలు భాషలోకి దించి చూడండి. ఒక మనిషి పిలవకుండా ఒకరి ఇంటికి వచ్చాడు. వాళ్ళు తలుపు తీశారు. పదకొండు నెలలు అన్నం పెట్టారు, పడక వేశారు, లోకంలోని భాషలన్నీ నేర్పారు. ఎప్పుడు పోవచ్చో, ఎన్నాళ్ళు దాటితే పోలేడో ముందుగానే చెప్పారు కూడా. ఆ నియమం లా సాల్ పుస్తకంలోనే ఉంది, ఎవరూ అతన్ని మోసం చేయలేదు. అంతా అందుకున్నాక అతను వెళ్ళి ఊరిపెద్దకు ఫిర్యాదు చేశాడు: "వాళ్ళ దగ్గర ఉండి నేను చెడిపోయాను, నన్ను కడగండి" అని. పెద్ద అతన్ని కడగాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఇంటామె మాట ఎక్కడా రాదు. ఆమె చేసిన తప్పేమిటో ఎవరూ విచారించరు. ఆమెకు జరిగిందేమిటన్న మాట అసలే లేదు.

హన్నా ఆరెంట్ 1958లో 'ది హ్యూమన్ కండిషన్' పుస్తకంలో క్షమ గురించి రాస్తూ, జరిగిపోయిన పనిని వెనక్కి తీసుకోలేని మనుషులకు ఉన్న విడుదల అదొక్కటే అంటుంది. ఎవరిని వాళ్ళు క్షమించుకోలేరని, అందుకు ఎదుట మరో మనిషి ఉండాలని కూడా అంటుంది. ఆ మరో మనిషి ఎవరన్నదే నా గొడవ. నష్టపోయినవాళ్ళను పక్కకు నెట్టి మూడో మనిషి క్షమిస్తే అది క్షమ అవుతుందా? కుల పంచాయతీల్లో చూస్తుంటాం కదా, అమ్మాయికి జరిగినదానికి అబ్బాయి పెద్దమనుషుల కాళ్ళ మీద పడతాడు, పెద్దమనుషులు క్షమించేస్తారు, జరిమానా కట్టించుకుంటారు. ఆ పిల్ల ఎక్కడో గోడ వెనక నిలబడి వింటూ ఉంటుంది. గుహ కథలో గోడ వెనక ఉన్నది సిబిల్.

ఆ మూడో మనిషి కూడా అంత నిర్లిప్తుడేం కాదు. ఎనియా సిల్వియో పిక్కొలోమిని అనే పండితుడు తన సోదరుడికి రాసిన ఉత్తరంలో నోర్చా పట్టణం దగ్గర మంత్రవిద్యలు దొరికే గుహ ఒకటుందని రాశాడు. ఆయనే 1458లో రెండో పయస్ పేరుతో పోపు అయ్యాడు. కొండ కింద ఉన్న మోంతెమొనాకో ఊరికి వేరే కష్టం వచ్చింది. మంత్రాల కోసం వచ్చిన పరదేశులకు సాయం చేశారని ఊరు మొత్తాన్ని వెలివేశారు. ఆ శిక్ష ఎత్తివేస్తూ 1452లో ఇచ్చిన పత్రం ఒకటి ఉంది. అంటే వీరులకు క్షమాపణ ఉంది, ఊరికి క్షమాపణ ఉంది. తిరిగి తిరిగి ఆ దారిన నడిచినవాళ్ళందరికీ ఏదో ఒకనాటికి ఉంది.

మరి ఎవరికి లేదు? అందుకు కొండ దిగి కాస్త పడమటికి, ఉంబ్రియాలోని తోడి పట్టణానికి వెళ్ళాలి. లా సాల్ గుహ చూసి వెళ్ళిన ఎనిమిదేళ్ళకు, 1428 మార్చిలో, అక్కడ మత్తెయూచ్చా అనే స్త్రీని సజీవంగా దహనం చేశారు. ఆమె విచారణ పత్రాలు మిగిలాయి. ఆమె ఆకులతో, మంత్రాలతో నొప్పులకు వైద్యం చేసేది. ప్రేమ కోసం వచ్చేవాళ్ళు వచ్చేవాళ్ళు. మొగుళ్ళు కొడుతున్నారని వచ్చే ఆడవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు ఏవేవో ఉపాయాలు చెప్పేది. వీటితో పాటు, ఒంటికి లేపనం రాసుకుని బెనెవెంతో అక్రోటు చెట్టు దగ్గరికి ఎగిరి వెళ్ళిందన్న అభియోగం కూడా పెట్టారు. తెలుసుకోవడానికి గుహలో దూరిన మగవాడు పశ్చాత్తాపపడుతున్న వీరుడు. తెలిసినది నలుగురికీ పంచిన ఆడది మంత్రగత్తె. ఒకడికి పోపు ఆలస్యం చేశాడని అయిదారు వందల ఏళ్ళుగా కథలు చెప్పుకుంటూ కన్నీరు పెట్టుకున్నారు. మత్తెయూచ్చా విషయంలో ఎవరూ ఆలస్యం చేయలేదు.

ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూస్తే సిబిల్ కథ నాకు అద్భుతగాథలా కనిపించడం మానేసింది.

ఇక కొండ సంగతి. మేము ఇద్దరం వెళ్ళాం, నేనూ, అదే ప్రాంతంలో పెరిగి ఇప్పుడు మధ్యయుగ సాహిత్యం బోధిస్తున్న ఒక స్నేహితురాలూ. 1540 మీటర్ల దగ్గర ఉన్న సిబిల్లా విడిది నుంచి కాలిబాట మొదలవుతుంది. మొదట గడ్డి వాలు. జూన్ కాబట్టి పచ్చగా ఉంది, అక్కడక్కడా గొర్రెలు. గట్టు ఎక్కాక దారి సన్నని శిరోరేఖ మీదుగా పోతుంది, రెండు వైపులా లోయలే. ఉత్తరం వైపు, చాలా లోతున తెన్నా నది కోసుకుంటూ వెళ్ళిన ఇరుకు కనుమ ఉంది. దాని పేరు ఇన్ఫెర్నాచ్చో, అంటే పాడు నరకం. పైన స్వర్గం, కింద నరకం, మధ్యలో రొప్పుతూ మేము. శిఖరానికి కొద్ది ముందు కొండ నెత్తిన కిరీటంలా సున్నపురాతి బండల వరస ఒకటి చుట్టుకుని ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు కూడా కిరీటమనే పిలుస్తారు. అక్కడ ఇనుప గొలుసు పట్టుకుని నాలుగడుగులు ఎగబాకాలి. గొప్ప సాహసమేమీ కాదు. ఎదురొచ్చిన ఒక పెద్దాయన మాత్రం మమ్మల్ని చూసి ఆగి, "మీరిద్దరేనా?" అని అడిగాడు. ఇద్దరం ఉన్నా 'ఇద్దరేనా' అని అడిగించుకోవడం ఏ దేశపు కొండల్లోనైనా ఆడవాళ్ళకు మామూలే.

గుహ దగ్గరికి వెళ్ళాక చూడటానికి ఏమీ లేదు. ఒక గుంట, దాన్నిండా రాళ్ళు. ద్వారం కూలిపోయి మూసుకుపోయింది. 1897లో పియో రాయ్నా అనే ఇటలీ భాషాశాస్త్రవేత్త వచ్చి చూశాడు. తర్వాత 1920ల్లో, మళ్ళీ 1953లో బెల్జియం పండితుడు ఫెర్నాన్ దెసొనే వంటివాళ్ళు తవ్వకాల కోసం వచ్చారు. లా సాల్ విని రాసిన లోపలి గదులు, రాత్రీ పగలూ టపటపా కొట్టుకునే లోహపు తలుపులు ఎవరికీ దొరకలేదు. దక్షిణపు వాలు మీద మాత్రం మనిషి చేతి గుర్తు బాగా కనబడుతుంది. జాతీయ ఉద్యానవనం 1993లో ఏర్పడటానికి చాలా ముందే కొండను అడ్డంగా కోస్తూ వేసిన మట్టిరోడ్డు అది. ఎంతో దూరం నుంచి కూడా పాత కుట్టు గాటులా కనిపిస్తుంది.

ఆ రాళ్ళ గుంట పక్కన కూర్చుని మేము తెచ్చుకున్న రొట్టె తింటూ వాదించుకున్నాం. గుహ మూసుకుపోవడమే మంచిదైందని నా స్నేహితురాలు అంది. కొండ తన తలుపు తనే వేసుకుంది, ఇక ఎవడూ 'ప్రవేశించాడు' అని రాసుకోలేడు అని. మాట బాగుంది. కానీ నేను ఒప్పుకోలేకపోయాను. తెరవగలిగితే తెరవాలనే ఇప్పటికీ నా ఉద్దేశం. ఎందుకంటే 'రహస్యం' అన్న మాటకు నేను భయపడతాను. ఒక స్త్రీని ఎవరూ ఏమీ అడగకుండా ఆరు వందల ఏళ్ళు గడిపేసి, చివరికి ఆమె చెప్పనిదాన్ని రహస్యమని పిలిచి తన్మయులైపోవడం ఏం న్యాయం? ఆమె దాచుకుందని ఎవరన్నారు? 'గ్వెరీన్ మెస్కీనో' తర్వాతి ముద్రణల్లో సిబిల్ పేరే తీసేసి ఆల్చీనా అనే మాయల స్త్రీ పేరు పెట్టారు. అది రహస్యం కాదు, కత్తెర.

ఈమధ్య ఈ కొండకు వచ్చేవాళ్ళలో 'మహామాత'ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారని స్నేహితురాలు చెప్పింది. సిబిల్‌ను ప్రాచీన మాతృదేవత కిబెలేతో కలిపి చెప్పే సిద్ధాంతాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు శిఖరం మీద కళ్ళు మూసుకుని కూర్చుని పవిత్ర స్త్రీశక్తిని అనుభవించి వెళ్తున్నారట. వాళ్ళను ఎగతాళి చేయాలని లేదు. కానీ దేవతను చేయడం పట్ల నాకు తెలుగు నేల నుంచి తెచ్చుకున్న అనుమానం ఒకటుంది. మా పల్లెల్లో పేరంటాళ్ళ గుళ్ళు చూస్తూ పెరిగినదాన్ని. అన్యాయంగా చచ్చిపోయిన ఎందరో ఆడవాళ్ళు అక్కడ పసుపు కుంకుమలతో దేవతలై కూర్చున్నారు. ఊరు ఏటేటా చీర పెడుతుంది, పొంగలి వండుతుంది. ఆమె చావుకు కారకులెవరన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. క్షమించమని అడగడానికి బదులు గుడి కట్టడం మనకు బాగా తెలిసిన పద్ధతే. కాబట్టి సిబిల్‌ను సాతానుకు భార్యను చేసినవాళ్ళకూ, దేవతను చేస్తున్నవాళ్ళకూ మధ్య ఉన్న దూరం నాకు వాళ్ళనుకున్నంత పెద్దదిగా అనిపించదు. ఇద్దరి దగ్గరా ఆమె మాట్లాడదు.

జర్మన్ వీరుడు మళ్ళీ గుహకు ఎందుకు వెళ్ళాడు? కథ ప్రకారం నిరాశతో, దేహసుఖం మీద ఆశతో. అతను క్షమాపణ అడగడానికే వెనక్కి వెళ్ళాడని, సరైన గడప దగ్గరికే చేరాడని చదవొచ్చునా అని నేను కొంతకాలం ఆలోచించాను. చదవొచ్చు, సెమినార్ పత్రానికి పనికొస్తుంది కూడా. కానీ అప్పుడు మళ్ళీ కథ అతనిదే అవుతుంది. అతని పశ్చాత్తాపం, అతని ఎదుగుదల. తలుపు తీసినామె మళ్ళీ తలుపు తీయడానికే మిగులుతుంది. అందుకని ఆ ఆలోచన వదిలేశాను.

దానికంటే ఈ కొండల్లో చెప్పుకునే మరో కథల వరస నాకు నచ్చింది. ఇది పుస్తకాల్లోది కాదు, పల్లెల్లోది. అందులో మగవాళ్ళు పైకి ఎక్కరు, సిబిల్ పరిచారికలైన వనకన్యలు కిందికి దిగుతారు. వాళ్ళకు మేకకాళ్ళు ఉంటాయి, పొడవాటి పావడాలతో కప్పుకుంటారు. పల్లెల్లో ఆడపిల్లలకు ఉన్ని వడకడం, నేయడం నేర్పిస్తారు. కాపరి కుర్రాళ్ళతో నాట్యం చేస్తారు. తెల్లవారేలోగా గుహకు చేరుకోవాలి, లేకపోతే లోపలికి రానివ్వరు. ఇక్కడ నాకు నవ్వొచ్చింది, మా లేడీస్ హాస్టల్ గేటు గుర్తొచ్చి. మాయల రాణి రాజ్యంలో కూడా ఆడపిల్లలకు టైమింగ్స్ ఉన్నాయన్నమాట!

ఈ కథలో పాపం లేదు, పోపు లేడు, క్షమాపణ లేదు. నేర్పినవాళ్ళు, నేర్చుకున్నవాళ్ళు, తెల్లవారిపోతోందన్న కంగారు ఉన్నాయి. రాట్నం తిప్పడం, మగ్గం మీద పోగు పెట్టడం విద్య కాదనుకున్నారు గనుక దాన్ని ఎవరూ తాళపత్రమంత గౌరవంగా రాసిపెట్టుకోలేదు. లోకభాషలన్నీ నేర్చుకున్న వీరుడు ఎవరికైనా ఒక్క మాట నేర్పినట్టు ఎక్కడా లేదు. వడకడం మాత్రం ఊరూరా మిగిలింది.

ఒక రాత్రి కాస్తెల్లూచ్చోలో నాట్యం చేస్తూ వనకన్యలు పొద్దు మరిచిపోయారని, కంగారుగా వెత్తోరె పర్వతం మీదుగా పరిగెత్తారని, వాళ్ళ గిట్టల తాకిడికి కొండ మీద అడ్డంగా దారి పడిందని చెబుతారు. దాన్ని వనకన్యల బాట అంటారు. మరుసటి రోజు కాస్తెల్లూచ్చో వైపు వెళ్ళి చూశాం. 2476 మీటర్ల వెత్తోరె వాలు మీద, బాగా పైన, సుద్దతో గీసినట్టు తెల్లటి గీత. భూగర్భ శాస్త్రవేత్తలకు అది భ్రంశరేఖ, భూమి పగిలి జారిన చోటు. 2016 ఆగస్టు 24న వచ్చిన భూకంపంలో ఆమత్రీచే, అక్కూమొలి, అర్క్వాతా దెల్ త్రొంతో ప్రాంతాల్లో దాదాపు 300 మంది చనిపోయారు. అక్టోబర్ 26న మళ్ళీ వచ్చింది. అక్టోబర్ 30న 6.5 తీవ్రతతో వచ్చినదానికి ఆ తెల్ల గీత వెంబడి నేల కొన్నిచోట్ల దాదాపు 2 మీటర్లు కుంగింది. కాస్తెల్లూచ్చో ఊరు దాదాపుగా నేలమట్టమైంది. మనుషులను ముందే తరలించడంతో ప్రాణాలు దక్కాయి.

పల్లె ఆడవాళ్ళకు భూకంపాల శాస్త్రం ముందే తెలుసునని నేను అనను. అలాంటి మాటలు వినడానికి బాగుంటాయి, నిలబడవు. కానీ ఆ గీతను తరతరాలుగా రోజూ చూసినవాళ్ళు, ఇక్కడ ఏదో హఠాత్తుగా, కంగారులో, కాలికింద నేల విరిగేలా జరిగిందని కథ కట్టారు. పండితులు గుహ ద్వారం దగ్గర రాళ్ళు తీస్తూ ఉంటే, కొండ గురించి వాళ్ళు గమనించినది ఇంకో కొండ మీద అందరికీ కనబడుతూనే ఉంది.

కాస్తెల్లూచ్చో కింద విశాలమైన మైదానం ఉంది. జూన్ చివర్లో అక్కడ మసూరు పంట మొక్కల మధ్య గసగసాల ఎర్రపూలు, నీలిపూలు పూస్తాయి. ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ పప్పు మన మసూరుకు దగ్గరి చుట్టమే, గింజ మాత్రం ఇంకా చిన్నది. యంత్రాలు రాకముందు ఆ పంటను చేత్తో పీకడానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆడకూలీలు వచ్చేవాళ్ళు. వాళ్ళను కార్పిరీనే అనేవారు, 'పీకేవాళ్ళు' అని. నడుం వంచి రోజంతా. పూల ఫొటోల్లో వాళ్ళు లేరు.

కూలిన ఊరి పక్కన తాత్కాలికంగా వేసిన దుకాణాల్లో ఒకదాంట్లో అరకిలో కొన్నాను. దుకాణంలో అరవై ఏళ్ళ ఆవిడ సంచి మూతి కట్టి ఇస్తూ, ఇది రాత్రి నానబెట్టే పప్పు కాదు, కడిగి చన్నీళ్ళలోనే పొయ్యి మీద పెట్టేయ్, ఉప్పు మాత్రం దించబోయే ముందు వెయ్యి అని చెప్పింది. ఎవరు చెప్పారు మీకు అని అడిగితే ఆ ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు. ఎవరైనా చెప్పాలా అన్నట్టు చూసి, తర్వాత వచ్చినామెకు మరో సంచి తూయడంలో పడిపోయింది.